మాస్టారి తలకు సరిపోయే హెడ్‌ఫోన్స్

ఈ లోకంలో ఎవరికీ ఏదీ సరిపోదు. వినడానికి వేదాంతంలా ఉన్నా, మాస్టారికి మాత్రం ఇది బతుకుతెరువు.

మూడంతస్తుల భవనం, అందులో ఎక్కువగా బట్టల కొట్లే. అందులో కింది అంతస్తులో, కదిలే మెట్ల అడుగున, ఏటవాలు కప్పు కింద ఒక కుట్టు మిషను, ఒక ఇస్త్రీ బల్ల, ఒక స్టూలు. మాస్టారి సామ్రాజ్యానికి ఎల్లలు ఇవే. పై అంతస్తుల్లో అద్దాల ముందు ఊపిరి బిగబట్టి నిలబడి, తమ అందానికి తామే ముగ్ధులై బట్టలు కొనుక్కున్నవాళ్ళు ఇంటికి పోయి ఊపిరి వదులుతారు. దాంతో అసలు కొలత బయటపడుతుంది. మర్నాడు సంచీ పట్టుకుని మెట్ల కిందికి వస్తారు. నడుము వదులు చేయాలి, చేతులు పొట్టి చేయాలి, జిప్పు మార్చాలి. ఆయన కొత్తగా ఏదీ కుట్టరు. ఎక్కడో ఎవరో కుట్టి పంపినదాన్ని విప్పి, నచ్చజెప్పి, ఎదురుగా ఉన్న మనిషి ఒంటికి ఒప్పిస్తారు. బట్టకూ ఒంటికీ వచ్చే తగాదాల్లో ఆయన తీర్పరి.

ఈ తీర్పులన్నీ తల వంచుకుని చెప్పవలసినవి కావడంతో ఇన్నేళ్ళకు ఆయన మెడ ఆ వంపులోనే స్థిరపడిపోయింది. ఆకాశం చూడాలంటే కుర్చీలో వెనక్కి వాలాలి. చూడవలసిన అవసరం పెద్దగా రాలేదు కనుక సరిపోయింది. తల మీద బరువులేమీ పెట్టవద్దని డాక్టరు చెప్పారు. "తలే బరువుగా ఉందండీ, దాన్నెక్కడ పెట్టమంటారు?" అని మాస్టారు అడిగారు. ఆ ప్రశ్నకు డాక్టరు మందు రాయలేదు.

ఇలాంటి మెడ గల మనిషి కంప్యూటర్ ఆటలు ఆడతారని మెట్ల కిందికి వచ్చే గిరాకీలెవరూ అనుకోరు. ఆడతారు. వారానికి ఒక్కసారి, గురువారం మధ్యాహ్నం. దీనికి కారణం ఆయన తమ్ముడు.

తమ్ముడికి నలభై దాటాయి, ముందు జుట్టు పోయింది. అయినా ఇంట్లో చిన్నోడే. భవనం రాకముందు, ఒక సందులో అద్దెకు తీసుకున్న గదిలో అన్నదమ్ములిద్దరూ ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుని, గోడకేసి మొహాలు పెట్టి చాలా ఏళ్ళు కుట్టారు. కుట్టేవాళ్ళు మాట్లాడుకునేటప్పుడు ఒకరినొకరు చూసుకోరు. చూసుకుంటే సూది వేల్లో దిగుతుంది. అందుకని వాళ్ళ మాటలన్నీ గోడకు చెప్పుకున్నట్టే సాగేవి. పైగా చిన్నోడిది నెమ్మది నోరు. అసలు విషయానికి రావడానికి వాడికి మామూలుగా ఒక చొక్కా పట్టేది. కాస్త గట్టి విషయమైతే ప్యాంటు. ఫలానా అమ్మాయిని చేసుకుంటానని చెప్పడానికి ఒక కోటు, దాని మీద మూడు పరదాలు పట్టాయి. మాస్టారు ఏనాడూ తొందరపెట్టలేదు. కాలితో మిషను తొక్కుతూ ఉండేవారు. మాట తనంతట తానే వచ్చేది.

తరువాత చిన్నోడికి దూరపు ఊళ్ళో బట్టల ఫ్యాక్టరీలో లైన్ సూపర్‌వైజర్ ఉద్యోగం దొరికింది. వరసగా మిషన్ల మీద కుట్టేవాళ్ళ వెనక తిరుగుతూ కుట్టు వంకర పోకుండా చూడడం ఆ ఉద్యోగం. బల్ల ఒంటరిదైంది. ఫోన్లున్నాయి కదా అంటారేమో. ఫోన్లో వచ్చిన చిక్కేమిటంటే, చేతులకు పని ఉండదు, మొత్తం భారం నోటి మీదే పడుతుంది. ఏరా బాగున్నావా అని ఒకరు, బాగున్నా నువ్వెలా ఉన్నావని ఒకరు, ఉంటానైతే అని ఇద్దరూ. అన్నదమ్ముల ప్రేమ ఆ మూడు వాక్యాల్లో ఇమిడిపోయేది.

ఊరు మారేటప్పుడు చిన్నోడు కొత్త కంప్యూటర్ కొనుక్కుని పాతది అన్నకు వదిలివెళ్ళాడు. దాంతోపాటు ఒక ఆట కూడా నేర్పాడు. పడవ మునిగిపోయి ఇద్దరు మనుషులు నిర్మానుష్యమైన దీవిలో చిక్కుకుంటారు. చెట్లు నరకాలి, రాళ్ళు మోయాలి, ఇల్లు కట్టుకోవాలి, చీకటి పడ్డాక వచ్చే తోడేళ్ళను తరమాలి. ఆరు రోజులు కత్తెర పట్టిన మనిషి ఏడో రోజు విశ్రాంతి కోసం గొడ్డలి పట్టారు. బతుకులో సొంత ఇల్లు ఎరగని ఆ ఇద్దరూ దీవిలో రెండంతస్తుల మేడ కట్టారు, కిటికీలతో సహా. చేతులకు పని, కళ్ళెదుట గోడ లాంటి తెర, చెవి పక్కన తమ్ముడి గొంతు. పాత బల్లే మళ్ళీ దొరికినట్టయింది. మిగతా ఊరంతా కళకళలాడే ఆదివారం మాస్టారికి పనిదినం. భవనానికి సెలవు గురువారం. చిన్నోడి పొద్దుటి షిఫ్టు మధ్యాహ్నానికి అయిపోతుంది. అలా కుదిరింది.

కుదరనిది ఒక్కటే. హెడ్‌ఫోన్స్.

స్పీకర్లు పెట్టుకోవచ్చు కదా అన్న ప్రశ్న ఆ ఇంట్లో లేవదు. మాస్టారి భార్య పసిపిల్లల కేంద్రంలో ఆయా. పనికి పోయే తల్లులు వదిలివెళ్ళిన పిల్లలు వంతులవారీగానూ, ఒక్కోసారి వంతుల్లేకుండానూ ఏడుస్తుంటే పొద్దున్నుంచి ఎత్తుకు తిరిగే మనిషి. ఇంటికి వచ్చాక గోడ గడియారం కూడా కాస్త చూసి కొట్టుకోవాలని ఆవిడ అభిప్రాయం. ఇక తోడేళ్ళ అరుపులకు ఆ గడపలో చోటు లేదు.

ఉన్న హెడ్‌ఫోన్స్ కూడా చిన్నోడు వదిలివెళ్ళినవే. ఇనప బద్దీ, దాని రెండు కొసలకూ దొన్నెలంత గిన్నెలు, వాటి చుట్టూ రెక్సిన్ దిండ్లు. రెక్సిన్ పొలుసులుగా రాలిపోతూ, ఆట ముగిశాక మాస్టారి చెవుల చుట్టూ మసి పూసినట్టు మిగిలేది. పెట్టుకున్న కాసేపటికి చెవులు కాగుతాయి. ఆ తరువాత కళ్ళద్దాల కాడలు కణతల్లోకి దిగబడతాయి. చివరికి మెడ లేచి, ఈ రాజ్యభారం ఇక నావల్ల కాదని చెప్పేస్తుంది. చిన్నోడు అసలు మాటకు వచ్చే సమయమూ సరిగ్గా అదే. నోరు తెరవడానికి వాడికి గంట కావాలి. మెడ ముప్పావు గంట కంటే ఇవ్వదు.

కొన్నాళ్ళుగా చిన్నోడి ధోరణి మారింది. మాట తగ్గింది. దీవిలో మెరుపులా తిరిగేవాడు ఇప్పుడు చెట్టుకు గుద్దుకుంటున్నాడు, తాను తవ్విన గోతిలో తానే పడుతున్నాడు. కళ్ళు మూసుకుని ఆడుతున్నావేంట్రా అని మాస్టారు ఒకసారి కసిరారు. ఆ గురువారమే, మెడ ఇక ఆగలేక, మాస్టారు హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్ళో పెట్టుకుని వెనక నరాలు నిమురుకుంటుండగా, ఒళ్ళోంచి దోమ గొంతుతో "అన్నా, నీకొక మాట..." అని వినబడింది. గబుక్కున తలకెక్కించుకున్నారు. అప్పటికి వాడు చల్లబడిపోయాడు. ఏంటో చెప్పరా అంటే ఏం లేదులే అన్నాడు. ఆ పై వారం కూడా ఇదే తంతు. సమయానికి తల మీద ఉండవలసినవి చేతిలో ఉన్నాయి.

మాస్టారు ఈ సంగతి భార్యకు చెప్పారు. ఆవిడ అప్పుడే వచ్చి కాళ్ళు చాపుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. తోడికోడలికి ఫోన్ చేసి కదిపి చూశానని, సరిగ్గా తినడం లేదు, ఏమడిగినా ఊఁ అంటున్నారు అని తప్ప ఆ పిల్లకూ ఏమీ తెలియదని చెప్పింది.

"ఏదో ఉందండీ. మీరడగండి."

"అడిగితే చెప్పే రకమా వాడు? గంట సేపు పక్కన కూర్చుంటే వాడే చెప్తాడు."

"మరి కూర్చోండి."

"నేను కూర్చుంటా. మెడ కూర్చోదు."

ఆవిడ కళ్ళు మూసుకునే అంది. "ఊళ్ళో వాళ్ళందరి నడుములూ సరిచేస్తారు. మీ తలకి సరిపోయేది ఒక్కటి చూసుకోలేరా?"

వృత్తి మీద దెబ్బ పడింది. మర్నాడే భవనం రెండో అంతస్తులో కంప్యూటర్ సామాన్ల కొట్టుకు మాస్టారు మెట్లెక్కి వెళ్ళారు.

కొట్లో అమ్మే అమ్మాయి ఉత్సాహవంతురాలు. మొదట చూపించినవి నెమలి ఈకల్లా రంగులు మార్చుకుంటూ వెలుగుతున్నాయి.

"పెట్టుకున్నవాడికి ఈ లైట్లు కనపడవు కదమ్మా?" అన్నారు మాస్టారు.

"చూసేవాళ్ళకి బావుంటుంది అంకుల్."

"మా ఇంట్లో చూసేది మా ఆవిడ ఒక్కతే. ఆవిడ కళ్ళు మూసుకుని ఉంటుంది."

శత్రువు అడుగుల చప్పుడు ఏ మూల నుంచి వస్తున్నదో కచ్చితంగా తెలుస్తుందని ఆ అమ్మాయి మరో రకం చూపించింది. మావి తోడేళ్ళే, వచ్చేముందు అరుస్తాయి, వాటికి మర్యాద తెలుసునని మాస్టారు దాన్నీ పక్కన పెట్టించారు. మెడ సంగతి విన్నాక ఆ అమ్మాయి లోపలి అరలోంచి ఒక సన్నటి జత తెచ్చింది. బరువు లేదు, పట్టు లేదు, చూడడానికి పీలగా ఉన్నాయి. మాస్టారు వాటిని తిప్పి చూశారు, మడత కోసం వెతికారు, గోటితో అంచు గీరారు. ఇందులో విప్పడానికి ఏముంది అని ఆయనకు అనుమానం వచ్చింది. ఆయన జీవితమంతా నమ్మిన సూత్రం ఒకటుంది. చిన్నదాన్ని పెద్దది చేయలేం, పెద్దదాన్ని చిన్నది చేసుకోవచ్చు. లోపల గుడ్డ వదిలి కుట్టినదాన్నే కొనాలి. ఆ సూత్రం ప్రకారం ఆయన కొట్టు మొత్తంలోకీ పెద్దవి, లావు దిండ్లవి, అంచుల్లో కుట్లు స్పష్టంగా కనిపిస్తున్నవి ఎంచుకున్నారు. అవి బరువు అంకుల్ అని ఆ అమ్మాయి చెబుతూనే ఉంది. సర్దుకుంటాలే అని మాస్టారు అభయమిచ్చారు.

మెట్ల కింద ఆ సాయంత్రం శస్త్రచికిత్స జరిగింది. రెక్సిన్ తొడుగుల కుట్లు బ్లేడుతో విప్పి, పాత బనీను గుడ్డతో కొత్త తొడుగులు కుట్టారు. కళ్ళద్దాల కాడలు ఆనే చోట స్పాంజి కోసి గాడి చేశారు. పట్టు వదులు కావడానికి హెడ్‌ఫోన్స్‌ను చల్లారిన ఇస్త్రీ పెట్టెకు తొడిగి కాసేపు ఉంచారు. నడినెత్తి మీది దిండు విప్పి సగం దూది తీసేశారు. అంతా ఆయన చేతికి తెలిసిన పనే. చివరికి ఎప్పటిలాగే ఎత్తి, దీపానికి చూపి, తిప్పి పరీక్షించారు. నెత్తి బద్దీ అంచున ఎర్రటి దారపు పోగు ఒకటి వేలాడుతోంది.

వేలాడే పోగును చూసి ఊరుకునే దర్జీ ఇంకా పుట్టలేదు. కంటికి కనబడేలోపే చేతికి కనబడుతుంది. కత్తెర కిచుక్కుమంది.

అది దారం కాదు. ఎడమ చెవి నుంచి నెత్తి మీదుగా కుడి చెవికి పోయే తీగ.

ఇంటికి వచ్చి పెట్టుకుంటే ఎడమ చెవిలో దీవి అంతా మోగింది, కుడి చెవి మాత్రం మౌనవ్రతం పట్టింది. భార్య ఒకసారి చేతిలోకి తీసుకుని చూసింది. బనీను తొడుగులు చాలా బాగా కుదిరాయని, చెవిటివాళ్ళకు అమ్ముకోవచ్చని అంది. ఒక చెవి చాలు, మనిషికి ఒక నోరే కదా అని మాస్టారు తనకు తాను సర్దిచెప్పుకున్నారు. కానీ గురువారం రాగానే రెండో సత్యం తెలిసింది. దర్జీ నడుము తగ్గించగలడు, బరువు తగ్గించలేడు. వచ్చిన గిరాకీలందరికీ ఆయనే చెప్పే మాట ఇది. ఎన్ని విప్పినా ఆ ఇనుము ఇనుమే. ఒక చేత్తో హెడ్‌ఫోన్స్‌ను పైకెత్తి పట్టుకుని, రెండో చేత్తో గొడ్డలి ఝళిపిస్తూ మాస్టారు ఆడారు. రెండు చేతుల పనికి ఒక చెయ్యే మిగలడంతో తోడేలు వచ్చి ఆయన్ను హాయిగా తినిపోయింది. ఆటలో చచ్చినవాడు కాసేపు ఊరుకోవాలి. ఆ ఖాళీలో హెడ్‌ఫోన్స్ దింపబోతుంటే ఎడమ చెవిలో చిన్నోడు అన్నాడు.

"అన్నా, వచ్చే గురువారం తర్వాత ఇక కుదరదేమో."

"ఎందుకురా?"

"డ్యూటీ మారుస్తున్నారు."

"ఎక్కడికి?"

"చూడాలి." అంతే, వాడు ఆట మూసేశాడు.

ఇక మిగిలింది ఒక్క గురువారం. ఆ మాట ఈసారి రాకపోతే మళ్ళీ ఎప్పుడో, ఏ చావుకో పెళ్ళికో పదిమంది మధ్య కలిసినప్పుడు ఏరా బాగున్నావా అనుకోవడమే. మాస్టారి భార్య ఒక పూట సెలవు పెట్టింది. పిల్లల జ్వరాలు తనకు అంటుకున్నప్పుడు తప్ప ఆవిడ సెలవు పెట్టదు, ఆ పిల్లలు కూడా వేరేవాళ్ళ పిల్లలే. భర్తను వెంటబెట్టుకుని రెండో అంతస్తుకు వెళ్ళింది.

పసిపిల్లల టోపీల విషయంలో ఆవిడకు ఒక పద్ధతి ఉంది. టోపీ బాగుందా లేదా అని పిల్లను అడగలేం. పెట్టి వదిలేయాలి. పీకి పారేస్తే చెడ్డది, మరిచిపోతే మంచిది. ఇదే పద్ధతి ఇక్కడా నడుస్తుందని ఆవిడ తీర్మానించింది. అద్దం ముందు నిమిషం నిలబడి అంతా బాగుందనుకునేవాళ్ళ వల్లే కదా మీ కొట్టు నడుస్తోంది, మీరూ అదే చేశారు అని భర్తకు గుర్తుచేసింది.

"ఆయన్ని ఒక గంట కూర్చోబెట్టాలమ్మా" అంది కొట్టు అమ్మాయితో.

"గంటా ఆంటీ?"

"ఎక్కువైతే రెండు."

బనీను తొడుగుల సంగతి తెలిసిందో ఏమో, ఆ అమ్మాయి ఆయన చేతికి ఏదీ ఇవ్వకుండా తానే పెట్టి తీస్తానంది. ఒక స్తంభం వెనక కుర్చీ వేసింది. మొదటి జత తీగ లేనిది. లోపల బ్యాటరీ ఉండడం వల్ల మాస్టారి తల చెరువులో రాయిలా కిందికి పోయింది. రెండోది తేలికే, కానీ చెవులను పట్టకారులా పట్టుకుంది. మాస్టారు మర్యాదకు బాగానే ఉందన్నారు. నుదుటి మీద చెమట చూసి భార్య తీయించింది. మూడోదాని గిన్నెలు చిన్నవి, చెవులు లోపలికి పోకుండా మడతపడ్డాయి. ఇంక మిగిలినవి, అమ్మాయి మొదటి రోజు లోపలి అరలోంచి తెచ్చిన ఆ పీలవి. పైన సన్నటి ప్లాస్టిక్ కమ్మీ, దాని కింద తలకు ఆనేది సాగే గుడ్డపట్టీ. బరువంతా ఒక్కచోట కూర్చోకుండా నెత్తి మీద పరుచుకుంటుంది. చెవుల చుట్టూ గుడ్డ తొడిగిన మెత్తటి దిండ్లు, లోపల చెవికి వెడల్పాటి జాగా, కళ్ళద్దాలకు అడ్డం రాని పట్టు. మాట్లాడడానికి చిన్న మైకు. లైట్లు లేవు, గర్జనలు లేవు. విప్పడానికీ ఏమీ లేదు.

అమ్మాయి వాటిలో వాన చప్పుడు పెట్టింది. మాస్టారు చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా ఉన్న అరలకేసి చూస్తూ కూర్చున్నారు. తీయమనలేదు, సర్దుకోలేదు, మెడ తడుముకోలేదు. కాసేపటికి చూస్తే ఆయన గడ్డం గుండెల మీద వాలింది. నోరు కొద్దిగా తెరుచుకుంది.

అమ్మాయి తట్టబోయింది. మాస్టారి భార్య చెయ్యి పట్టుకుని ఆపింది.

"లేపకమ్మా. ఇవే ఇవ్వు."

"ఎలా ఉన్నాయో చెప్పలేదు కదా ఆంటీ."

"చెప్తున్నారుగా."

గంట పూర్తి కావాలని ఆవిడ పట్టుబట్టింది, పద్ధతి పద్ధతే. పక్కన మరో కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఆ కొట్లో పిల్లలెవరూ ఏడవడం లేదు. చల్లగా ఉంది. కొద్దిసేపటికి ఆవిడ తల కూడా స్తంభానికి ఆనింది. ఆ అమ్మాయి గిరాకీలను అటువైపు రానివ్వకుండా, గొంతు తగ్గించి బేరాలు చేసుకుంది.

గురువారం వచ్చింది. కొత్త హెడ్‌ఫోన్స్ గురించి మాస్టారికి ఒకే ఒక భయం, అవి మరీ హాయిగా ఉండడం. అందుకని భార్య వెనక మంచం మీద ఉతికిన బట్టలు మడతపెడుతూ కూర్చుంది. భర్త తల వాలితే వీపు మీద పొడవడం ఆవిడ పని. కత్తెర మాత్రం బల్ల మీద ఉంచనివ్వలేదు.

ఆట మొదలైంది. మేడకు ప్రహరీ కట్టాలని గత వారమే అనుకున్నారు. మాస్టారు రాళ్ళు కొట్టడం, చిన్నోడు మోయడం. మోసే రాళ్ళలో సగం దారిలోనే పడిపోతున్నాయి. మాస్టారు ఈసారి కసరకుండా మరికొన్ని కొట్టి పెట్టారు. ఎండల గురించి ఒక మాట నడిచింది. ఫ్యాక్టరీ కొత్త మేనేజర్ నడుస్తుంటే బూట్లు కిర్రుమంటాయని, ఆయన వస్తున్నాడని లైను లైనంతా ముందే తెలిసిపోతుందని చిన్నోడు చెప్పాడు. మాస్టారు నవ్వారు. తల మీద అసలు ఏమైనా ఉందా అని మాస్టారు రెండు మూడుసార్లు తడుముకుని చూసుకున్నారు. ఉంది. చెవులు చల్లగా ఉన్నాయి. పాత రోజుల లెక్కన చొక్కా అయిపోయింది, ప్యాంటూ అయిపోయింది. ఆయన రాళ్ళు కొడుతూనే ఉన్నారు. దీవిలో పొద్దు వాలింది.

"అన్నా, నువ్వు ముందు నడువు. నేను నీ వెనక వస్తా."

"దేనికిరా?"

"నువ్వు కదులుతుంటే కనపడతావు. కదలనివి కనపడట్లేదు."

మాస్టారు గొడ్డలి ఆపారు. అడిగితే ఆగిపోతుందని ఆయనకు తెలుసు.

"ఎడంకన్ను పోయిందన్నా. కుడిది అంచుల నుంచి మూసుకొస్తోంది. లైన్లో కుట్టు వంకర పోతే నాకు తెలియలేదు. సరుకంతా వెనక్కొచ్చింది. అప్పుడే డాక్టరు దగ్గరికి పోయా. పోయింది రాదు, ఉన్నది నిలుపుకోవాలన్నాడు. రోజూ చుక్కలు వేసుకుంటున్నా." వాడి గొంతులో బాధ కంటే అలసట ఎక్కువ వినిపించింది, ఇదంతా లోలోపల చాలాసార్లు చెప్పుకుని అరిగిపోయినట్టు. "గేటు దగ్గర వేస్తున్నారు నన్ను. వచ్చేవాళ్ళ కార్డులు చూడాలంట. కార్డులు కనపడితే కుట్టే చూసేవాణ్ణి కదా."

"మీ ఆవిడకి చెప్పావా?"

"లేదు. నీకే మొదలు."

కళ్ళు మూసుకుని ఆడుతున్నావేంట్రా. తాను అన్న మాట మాస్టారికి ఇప్పుడు రెండు చెవుల్లోనూ స్పష్టంగా వినబడింది. వచ్చినవాడు ఎంత చిరుగుతో వచ్చినా, అవుతుందిలెండి శనివారం రండి అనడం ఆయనకు ఇన్నేళ్ళ అలవాటు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. అనలేదు.

"ముందు నడుస్తున్నా" అన్నారు. "రా."

తెర మీద చీకటి పడుతుండగా ఒక బొమ్మ మెల్లగా నడిచింది, రెండడుగులు వేసి ఆగింది, మళ్ళీ నడిచింది. వెనక రెండో బొమ్మ, ముందున్నదాని వీపు విడవకుండా నడిచింది. చెట్లు దాటారు, గొయ్యి చుట్టి వచ్చారు. మేడ గుమ్మం ముందుకు చేరాక మాస్టారు హెడ్‌ఫోన్స్ తీశారు. ఈసారి నొప్పి పుట్టి తీయలేదు.

భార్య మడతపెట్టడం ఎప్పుడో ఆపేసింది. ఇవతలి మాటలే విన్నది, అవతలివి వినలేదు. అయినా భర్త వీపు చూసి సగం గ్రహించింది.

"వాడికి కళ్ళు పోతున్నాయి" అన్నారు మాస్టారు. "నాకు మాట రావట్లేదు. నువ్వు కూర్చో."

ఆవిడ కుర్చీలో కూర్చుని, జుట్టు ముడి అడ్డం వస్తే విప్పుకుని, హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. "నేనయ్యా, వదినని" అంది. తరువాత చాలాసేపు వింది. మధ్యమధ్య ఊఁ అనడం తప్ప ఏమీ అనలేదు. ఏడ్చే పిల్లను ఎత్తుకున్నప్పుడు కూడా ఆవిడ ముందు ఊఁ అనే అంటుంది, ఊరుకో అనదు. అటు చెప్పడం అయిపోయినట్టుంది. అప్పుడు అంది.

"చూడు చిన్నోడా. ఆ పిల్లకి ఇవాళే చెప్పు. అన్నకి చెప్పినట్టు గంటలు గంటలు తీసుకోకు, ఆ పిల్ల మెడ ఊరుకోదు. చెప్పాక ఇద్దరూ కలిసి నాకు ఫోన్ చెయ్యండి. గేటు పని చెయ్యాలా, ఇక్కడికి రావాలా అనేది తర్వాత చూద్దాం. ఇక్కడికొస్తే చోటు ఇరుకే, ముందే చెప్తున్నా." మళ్ళీ వింది. "ఆయనా? ఇక్కడే ఉన్నారు. నిలబడి ఉన్నారు. ఏం చెయ్యాలో తెలియక."

మాస్టారు నిజంగానే అలా నిలబడి ఉన్నారు. తెర మీద చీకటి చిక్కబడింది. ప్రహరీ ఇంకా సగమే లేచింది. కట్టని వైపు నుంచి తోడేలు ఒకటి తల దించుకుని వస్తోంది. భార్య దాన్ని గమనించలేదు, ఆవిడ వినడంలో ఉంది. గుమ్మం ముందు చిన్నోడి బొమ్మ అటు తిరగకుండా నిలబడి ఉంది. మాస్టారు భార్య భుజం మీదుగా వంగి, చెయ్యి చాపి, తన బొమ్మను తమ్ముడి బొమ్మకు ముందు నిలబెట్టారు. గొడ్డలి ఎత్తారు.